పాత సీలింగు ఫైలు బయటికి తీయడం ఎలా: భూసంస్కరణల ట్రిబ్యునల్ రికార్డులు, 22-ఏ చిక్కు

చేను అమ్ముదామని వెళ్తే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో "ఈ నంబరు 22-ఏలో ఉంది, సీలింగు మిగులు" అంటూ దస్తావేజు తిప్పి ఇచ్చేస్తారు. 22-ఏ అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, సీలింగు మిగులు అంటే చట్టం పెట్టిన పరిమితికి మించిన భూమి. అడంగల్లో పేరు మీదే, సాగు మీదే, పాత శిస్తు రసీదులు బీరువాలోనే ఉన్నాయి. అయినా రిజిస్ట్రేషన్ కాదు. అమలాపురం, రామచంద్రపురం, నరసాపురం, కొవ్వూరు వైపు కాలవ కింద భూములున్నవాళ్లకు ఈ మాట కొత్తది కాదు. దీనికి మందు భూసంస్కరణల ట్రిబ్యునల్ పాత ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు చూడకుండా సోమవారం సోమవారం కలెక్టరేట్లో ఎన్ని అర్జీలు ఇచ్చినా "రికార్డు పరిశీలించి తగు చర్య తీసుకోబడును" అన్న జవాబుతోనే ఇంటికి రావాలి. ఫైలు నకలు చేతిలో పెట్టుకుని వెళ్తే మాట్లాడే తీరే మారుతుంది.

నేపథ్యం నాలుగు ముక్కల్లో. వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం 1973 నాటిది, అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. పరిమితి దాటి భూమి ఉన్నవాళ్లు ట్రిబ్యునల్ ముందు డిక్లరేషన్ (తమ భూముల లెక్క చెప్పే కాగితం) దాఖలు చేయాలి. ట్రిబ్యునల్ లెక్క కట్టి మిగులు తేల్చేది. ఆ మిగులు భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ(1)(డి) కిందికి వస్తాయి. ఇప్పుడు ట్రిబ్యునల్ బాధ్యత ఆర్డీఓదే. కాబట్టి మీరు వెళ్లాల్సిన గుమ్మం రెవెన్యూ డివిజనల్ కార్యాలయం.

ముందు కేసు నంబరు పట్టుకోండి

కేసు నంబరు లేకుండా "మా భూమి తాలూకు సీలింగు కాగితాలు ఇవ్వండి" అని రాస్తే ఆ అర్జీ ముందుకు సాగదు. రికార్డు గదిలో కట్టలు గ్రామాలవారీగానో కేసు నంబర్లవారీగానో ఉంటాయి తప్ప నేటి సర్వే నంబర్లవారీగా ఉండవు. పాత కాగితాల్లో నంబరు ముందు సీసీ అనో ఎల్‌సీసీ అనో ఉంటుంది, చివర ఎక్కువగా "/75" ఉంటుంది.

దొరికే చోట్లు ఇవి. 22-ఏ జాబితాలో మీ సర్వే నంబరు ఎదురుగా ఉండే రిమార్కుల గడి. గ్రామ రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత అడంగల్ రిమార్కులు. అదే సర్వే నంబరులో పక్కవాళ్లకు సీలింగు పట్టా (మిగులు భూమిని పంచుతూ ఇచ్చేది) ఇచ్చి ఉంటే ఆ పట్టా. కేసు హైకోర్టు దాకా వెళ్లి ఉంటే ఆ తీర్పు మొదటి పేజీలోనే ట్రిబ్యునల్ కేసు నంబరు ఉంటుంది. ఇవేవీ లేకపోతే మొదటి అర్జీని నంబరు కోసమే పెట్టండి: ఫలానా గ్రామానికి చెందిన డిక్లరెంట్ల రిజిస్టరు పేజీల నకళ్లు ఇవ్వమని అడగండి. నెల రోజులు పోతాయి, కానీ ఆ పైన దారి తప్పరు.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: ఎవరి పేరు మీద వెతకాలి? నేటి పట్టాదారు పేరు మీద కాదు. చట్టం లెక్క మనిషికి కాదు, కుటుంబానికి. భర్త, భార్య, మైనరు పిల్లలు కలిపి ఒక యూనిట్. మీ అమ్మమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలు కూడా తాతగారి డిక్లరేషన్లో కలిసి ఉంటాయి. తాతగారు రాజోలు తాలూకా వారై, భూమి ఆత్రేయపురం వైపు ఉంటే ఫైలు ఆయన డిక్లరేషన్ దాఖలైన చోట వెతకాలి. ఇక కొనుక్కున్న భూమైతే అమ్మినవాళ్ల ఫైలు చూడాలి. 1971 జనవరి 24 తర్వాత, 1975 జనవరి 1కి ముందు జరిగిన అమ్మకాలను చట్టం అనుమానంగానే చూసింది. మీ నాన్నగారు 1973లో నికరంగా డబ్బిచ్చి కొన్నా, ఆ చేను అమ్మినాయన ఖాతాలోనే లెక్కకు ఎక్కి ఉండొచ్చు.

పేర్లను ఒకటికి మూడు రకాలుగా రాయండి. ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరంతో, దత్తత వెళ్తే రెండు ఇంటిపేర్లతోనూ.

ఫైలు ఏ ఆఫీసులో ఉంది

1975లో మండలాలు లేవు, తాలూకాలు. మండలాలు 1985లో వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరయ్యాయి. కొత్తపేట, భీమవరం రెవెన్యూ డివిజన్లూ అప్పుడే పుట్టాయి. పుట్టిన డివిజన్‌కు పాత కట్టలన్నీ వచ్చాయన్న నమ్మకం లేదు. అందుకే సమాచార హక్కు దరఖాస్తులో నేటి మండలంతోపాటు "పాత ఫలానా తాలూకా" అని తప్పకుండా రాయండి. కొత్త డివిజన్ పరిధి వారైతే పాత డివిజన్ ఆఫీసుకూ విడిగా ఒక దరఖాస్తు పెట్టండి, ఖర్చు పది రూపాయలే.

వేరే ఆఫీసు రికార్డైతే మీ దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి పంపి, మీకు ఆ సంగతి తెలపాల్సిన బాధ్యత సమాచార హక్కు చట్టం 6(3) ప్రకారం వాళ్లదే. "మా దగ్గర లేదు, కలెక్టరేటులో అడగండి" అని తిప్పి పంపడం చెల్లదు.

రెండు దారులు, రెండూ కావాలి

ఒకటి కాపీ అప్లికేషన్. కేసులో పార్టీలు, వాళ్ల వారసులు ట్రిబ్యునల్ ఉత్తర్వు నకలు కోసం నేరుగా ఆర్డీఓ గారికి పెట్టుకునేది. కోర్టులో వేయడానికి ఉత్తర్వు నకలు కావాలంటే ఇదే గట్టి దారి. పబ్లిక్ డాక్యుమెంటుకు ధ్రువీకృత నకలు ఇవ్వాలన్న నియమం పాత సాక్ష్య చట్టంలో 76వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 75. అర్జీకి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం జత చేయండి.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. ఉత్తర్వు కాకుండా ఫైల్లో మిగతావన్నీ, అంటే డిక్లరేషన్, వెరిఫికేషన్ రిపోర్టు, నోట్ ఫైలు (అధికారులు రాసుకున్న నోట్లు), పంచనామా (భూమి స్వాధీనం చేసుకున్నట్టు రాసిన కాగితం), ఉత్తరప్రత్యుత్తరాలు దీనితో వస్తాయి. పార్టీ కానివాళ్లకు, కొనుగోలుదారులకు ఇదే దిక్కు.

ఒక మాట. ట్రిబ్యునళ్లన్నిటికీ ఈ రెండు దారులూ పనికిరావు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ లాంటివి జిల్లా కోర్టుల్లో నడుస్తాయి. కోర్టు నకళ్లకు కోర్టు రూల్సు ఉండగా సమాచార హక్కు దారి పట్టకూడదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. కాబట్టి అక్కడ సమాచార హక్కుతో కాలం పోగొట్టుకోవద్దు, వకీలు ద్వారా కాపీ అప్లికేషనే వేయండి.

నకళ్లకు ముందు ఫైలు కళ్లతో చూడండి

ఇది చేసేవాళ్లు తక్కువ, లాభం ఎక్కువ. సమాచారం అంటే నకలు ఒక్కటే కాదు, రికార్డును చూసే హక్కు కూడా. ఆంధ్రప్రదేశ్ ఫీజు నిబంధనల ప్రకారం మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు.

డెల్టా గాలికి, చెమ్మకు యాభై ఏళ్ల కాగితం అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. వేలితో లాగకండి, సిబ్బందినే తిప్పమనండి. కట్టలో రెండు భాగాలుంటాయి: ఒకటి నోట్ ఫైలు, రెండోది ఉత్తరాలు, రిపోర్టులు ఉండేది. ముందు పేజీ అంకెలు చూడండి. 37 తర్వాత 41 వస్తే మధ్యలో మూడు పేజీలు లేవని అక్కడే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, చూపించిన ఉద్యోగితో సంతకం చేయించుకోండి. ఆ చీటీ తర్వాత అప్పీల్లో చాలా పనికొస్తుంది. ఫైలు అట్ట మీద డిస్పోజల్ గుర్తు కూడా రాసుకోండి. "ఆర్.డిస్" అంటే శాశ్వతంగా ఉంచాల్సింది, "డి.డిస్" అంటే పదేళ్లు ఉంచేది.

అసలు చూడాల్సింది ఉత్తర్వు వెనక షెడ్యూలు. ఎకరాల పక్కన ఒక భిన్నం లెక్క కనిపిస్తుంది, అదే స్టాండర్డ్ హోల్డింగు. భూమి తరగతిని బట్టి ఇది తరికి (మాగాణికి) 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు. ఉదాహరణకు మీ తరగతికి 12 ఎకరాలు ఒక హోల్డింగు అనుకోండి. 18 ఎకరాలున్న ఐదుగురి కుటుంబానికి లెక్క 1.5000 అవుతుంది. ఒకటి ఉంచుకోవచ్చు, 0.5000 మిగులు, అంటే ఆరెకరాలు. ఇప్పుడు చూడండి: ఉత్తర్వు "0.5000 మిగులు" అని తేల్చడం ఒక దశ. ఏ ఆరెకరాలు అప్పగిస్తారో సర్వే నంబర్లతో తేలేది సెక్షన్ 10 కింద సరెండర్ దగ్గర. ఆ నంబర్లను ఉత్తర్వు ఇచ్చి స్వాధీనం చేసుకునేది సెక్షన్ 11 కింద, భూమి ప్రభుత్వానికి దఖలు పడేది అప్పుడే. ఈ మూడింటి నడుమ తేడా ఎక్కడుందో అక్కడే మీ కేసు ఉంది.

దరఖాస్తు ఇలా రాయండి

తెల్లకాగితం చాలు. తెలుగులోనే రాయండి, చట్టం ఒప్పుకుంటుంది. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ ప్రశ్న వేయనివ్వదు.

"పౌర సమాచార అధికారి, రెవెన్యూ డివిజనల్ అధికారి వారి కార్యాలయం, ........
సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.
........ గ్రామం, ........ మండలం (పాత ........ తాలూకా) కాపురస్తులు కీ.శే. ........ గారు, తండ్రి ........, 1973 భూసంస్కరణల చట్టం కింద దాఖలు చేసిన డిక్లరేషన్, సీసీ నం. ..../75 ఫైలు నుంచి ఈ రికార్డుల ధ్రువీకృత నకళ్లు కోరుతున్నాను:
1. డిక్లరేషన్, జతపరిచిన భూముల జాబితా.
2. వెరిఫికేషన్ రిపోర్టు.
3. సెక్షన్ 9 కింద ఉత్తర్వు, షెడ్యూలుతో సహా.
4. సెక్షన్ 10 కింద సరెండర్ స్టేట్‌మెంటు, దానిపై ఉత్తర్వు.
5. సెక్షన్ 11 కింద స్వాధీన ఉత్తర్వు, పంచనామా.
6. సెక్షన్ 14 కింద భూమిని ఇతరులకు ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు.
7. అప్పీలు, రివిజన్లలో వచ్చిన ఉత్తర్వులు.
8. సర్వే నం. ........ను 22-ఏ జాబితాలో చేర్చమని పంపిన లేఖ, జాబితాలో సంబంధిత పేజీ.
నకళ్లకు ముందు ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలుపగలరు. ఇది 20 ఏళ్లు దాటిన విషయం కనుక సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) వర్తిస్తుంది."

"మా భూమిని 22-ఏలో ఎందుకు పెట్టారు?" అని మాత్రం రాయకండి. కడుపు మండి రాసే ప్రశ్నే, తప్పు లేదు. కానీ ఫైల్లో ఉన్న కాగితం ఇవ్వడమే అధికారి బాధ్యత, కొత్తగా కారణాలు రాసి ఇవ్వడం కాదు. పెట్టమని పంపిన లేఖ అడగండి, కారణం అందులోనే ఉంటుంది. రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో భూమి ముక్కకు ఇచ్చినది) ఒక్కటే రాస్తే 1975 ఫైల్లో అది ఎవరికీ దొరకదు. పాత సర్వే నంబరు, సబ్‌డివిజన్ తప్పనిసరి.

ఫీజు డివిజన్, జిల్లా ఆఫీసులకు 10 రూపాయలు, మండల ఆఫీసుకు 5, గ్రామ స్థాయిలో లేదు. తెల్ల రేషన్ కార్డున్న పేద కుటుంబాలు నకలు జత చేస్తే ఏ ఫీజూ కట్టక్కర్లేదు. స్వయంగా ఇస్తే మీ దగ్గరుండే ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. "రేపు రండి, ముద్ర వేస్తాం" అంటే వచ్చేయకండి, గడువు లెక్క ఆ తేదీ నుంచే నడుస్తుంది.

జవాబులు, వాటికి మందు

గడువు 30 రోజులు. మధ్యలో "86 పేజీలు, 172 రూపాయలు కట్టండి" అని లేఖ వస్తే అది మంచి శకునం, ఫైలు ఉందన్నమాట. ఆ లేఖ వాళ్లు పంపినప్పటి నుంచి మీరు కట్టేదాకా గడియారం ఆగుతుంది కాబట్టి వెంటనే కట్టేయండి. 30 రోజులు దాటాక ఇస్తే మాత్రం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి, సెక్షన్ 7(6).

"ఇది మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం, 8(1)(జె) కింద ఇవ్వలేం." 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ క్లాజును మార్చింది, 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. దాంతో ఈ జవాబు రాయడం సులువైపోయింది. కానీ సెక్షన్ 8(3) అలాగే ఉంది. 20 ఏళ్ల కిందటి విషయానికి 8(1)లోని ఎ, సి, ఐ క్లాజులు తప్ప మరే మినహాయింపూ నిలవదు, జె కూడా అంతే. 1975 డిక్లరేషనూ 1978 ఉత్తర్వూ ఈ లెక్కలోకి వస్తాయి. దరఖాస్తులో ఆ చివరి వాక్యం రాయించింది ఇందుకే. 2010లో మీ సర్వే నంబరు మీద నడిచిన ఉత్తరాలుంటే వాటికి 20 ఏళ్లు నిండలేదు, కాబట్టి వాటిని వారసుడిగానో పట్టాదారుగానో మీ సొంత సమాచారంగా అడగండి, రుజువులు జత చేయండి.

"ఫైలు లభ్యం కాలేదు." గుండె జారిపోయే జవాబు ఇదే. ఇక్కడితో ఆగిపోవద్దు. ఫైలు కనపడకపోవడం సెక్షన్ 8లో మినహాయింపు కాదు. ఒకప్పుడు ఉండి ఇప్పుడు దొరకని రికార్డు మీద విచారణ జరిపించాలని ఢిల్లీ హైకోర్టు 2013 సెప్టెంబరులో చెప్పింది. రెండో దరఖాస్తులో వీటిని అడగండి: ఆ కేసు నంబరున్న రిజిస్టరు పేజీ, రికార్డు గది నుంచి ఫైలు చివరిసారి ఎవరు, ఏ తేదీన తీసుకెళ్లారో ఆ నమోదు, ధ్వంసం చేసి ఉంటే ధ్వంసం చేసిన రికార్డుల జాబితాలో సంబంధిత పేజీ. అదే ఫైలు జాడలు వేరేచోట కూడా ఉంటాయి. అప్పీలుకు వెళ్తే అప్పిలేట్ ట్రిబ్యునల్ రికార్డులో, రివిజనుకు వెళ్తే హైకోర్టులో, స్వాధీనం తీసుకుంటే తహసీల్దారు ఆఫీసులో, కలెక్టరేటు భూసంస్కరణల సెక్షన్లో. ఎక్కడో ఒకచోట ఉత్తర్వు ప్రతి దొరికే అవకాశం ఎక్కువ.

ఏ జవాబూ రాకపోవడం కూడా నిరాకరణే. గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. పేరు, హోదా నోటీసు బోర్డు మీద ఉంటాయి. ఫీజు లేదు. 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లోపు మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా ఆపిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా వేయగలదు. అప్పీలు రెండు పేజీలు దాటించకండి. తేదీలు, అడిగిన అంశం, వచ్చిన జవాబు, వర్తించే సెక్షను రాస్తే చాలు. ఆఫీసు తీరు మీద కోపం అందులోకి ఎక్కిస్తే అసలు అంశం వెనక్కి పోతుంది.

కాగితాలు చేతికొచ్చాక

సరెండర్ షెడ్యూలు, పంచనామా, 22-ఏ జాబితా పేజీ మూడూ పక్కపక్కన పరిచి సబ్‌డివిజన్ దగ్గర చూడండి. అప్పగించింది 142/2లో 1.30 ఎకరాలు, జాబితాలో మాత్రం 142 మొత్తం ఎక్కించారా? ఇది ఎక్కువగా కనిపించే తప్పు. సరెండర్ ఉంది కానీ పంచనామా లేదా? సెక్షన్ 11 ఉత్తర్వే లేదా? అప్పీల్లో మిగులు తగ్గిందా, ఆ తగ్గిన సంగతి జాబితాదాకా రాలేదా? ఒక్కోదానికి ఒక్కో జవాబు. మొదటిది కలెక్టరు గారికి అర్జీతో సరిదిద్దుకోగలిగింది. మిగతా వాటికి వకీలును చూసుకోవాలి, ముఖ్యంగా స్వాధీనం మీద వివాదమైతే.

మీ నంబరే నిజంగా అప్పగించారనీ, పంచనామా ఉందనీ తేలితే ఆ సంగతి కొనేవాళ్ల దగ్గర దాచకండి, బయానా పుచ్చుకోకండి. సెక్షన్ 14 కింద ఆ భూమి భూమిలేని ఏ కుటుంబానికో ఇచ్చి ఉంటే, వాళ్ల పట్టా కూడా అదే ఫైలు నుంచి పుట్టింది.

22-ఏ నుంచి తొలగింపు కోరే అర్జీకి పైన చెప్పిన మూడు కాగితాల ధ్రువీకృత నకళ్ల జిరాక్సులు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), రీసర్వే అయితే పాత, కొత్త నంబర్ల పట్టిక జత చేయండి. ధ్రువీకృత నకళ్లనే ఇచ్చేయకండి, జిరాక్సులు ఇచ్చి వాటిని చూపండి. ఉత్తర్వు వచ్చాక కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల వెతుకులాటలో మీ సర్వే నంబరు కొట్టి చూస్తుండండి. కలెక్టరేటులో తొలగించినది సబ్‌రిజిస్ట్రారు కంప్యూటరులో కనిపించేదాకా దస్తావేజు రాయించి స్టాంపు డబ్బు కట్టకండి.